బయానా

జనగామలో ఒక గృహస్థు భార్య నగలు తాకట్టు పెట్టి, ఇల్లు కొనుటకు బయానా ఇచ్చినాడనుకొందము. గడువునాటికి మిగిలిన సొమ్మును సిద్ధపరచుకొన్నాడు. ఇంతలో ఎక్కువ ధర వచ్చుటచే అమ్ముదునన్నవాడు మాట తప్పినాడు. ఇక బయానా పోయినట్లేనా?

కాదు. తప్పు అమ్మకందారుదైనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ఆ సొమ్ముకు ఆ ఇంటినే హామీగా నిలుపుచున్నది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము ప్రకారము ఇంటినే తన పేర రిజిస్టరు చేయించుమని కోరవచ్చును. అయితే బయానా వాపసును కూడ దావాలో విడిగా అడుగవలెను. అడుగనిదానిని న్యాయస్థానము ఇప్పించదు. ఒప్పందములో వ్రాసిన గడువు తేదీ మొదలు 3 సంవత్సరములలో దావా వేయవలెను.

కావున, అయ్యలారా, అమ్మలారా, ఒప్పందమును రిజిస్టరు చేయించుడు. గడువు తేదీ వ్రాయించుడు. సొమ్ము బ్యాంకు ద్వారా చెల్లించుడు. సాక్ష్యము లేని హక్కును నిరూపించుట కష్టము. సెలవు.