నిద్రలో శబ్దము - జ్ఞాపకశక్తి



మంచి పుస్తకములను సమకూర్చి యిచ్చుట గ్రంథాలయము విధి. చదివినదానిని మనస్సున నిలుపుకొనుట పాఠకుని విధి. ఈ రెండవ విధికి నిద్ర యెట్లు తోడ్పడునో, నిద్రలో వినిపించు శబ్దము ఎంతవరకు సాయపడునో మనవి చేసెదను.

అభిమన్యుని గూర్చి జనులు చెప్పుకొను కథ మీరెల్లరు నెరిగినదే. పద్మవ్యూహ వృత్తాంతమును వినుచు సుభద్ర నిదురపోయినది. గర్భమందున్న బాలునకు వ్యూహములో ప్రవేశించుట తెలిసినదే గాని, బయటపడు మార్గము తెలియలేదు. నిద్ర రాగానే పాఠము ఆగినది. ఈ విషయమునే శాస్త్రజ్ఞులును పరీక్షించిరి. సైమన్, ఎమ్మన్స్ అను అమెరికా పరిశోధకులు నిద్రించువారికి రాత్రియందు ప్రశ్నలను, జవాబులను వినిపించుచు, వారి మెదడులోని విద్యుత్తరంగములను గమనించి, ఫలితములను 1956లో ప్రకటించిరి. గాఢనిద్రలో వినిపించినవి తెల్లవారిన పిదప వారికి జ్ఞప్తికి రాలేదు.

మేలుకొని నేర్చినదాని సంగతి వేరు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున రుడాయ్, పాలర్ మొదలగువారు కొందరికి తెరపై 50 బొమ్మల స్థానములను నేర్పిరి. పిల్లి బొమ్మకు పిల్లి కూత వలె, ప్రతి బొమ్మకును తగిన శబ్దమును జతచేసిరి. పిదప వారు కునుకు తీయుచుండగా, 25 శబ్దములను మాత్రము మెల్లగా వినిపించిరి. లేచిన తరువాత, ఆ శబ్దములకు చెందిన బొమ్మల స్థానములనే వారు మరింత సరిగా చూపగలిగిరి. ఈ ఫలితములు 2009లో వెలువడినవి.

దీనికి కారణమేమి? రైతు ముందు మడిలో నారు పోసి, పిదప పొలమున నాటును. మెదడులో హిప్పోకాంపస్ అను భాగము నారుమడివంటిది. పగలు నేర్చిన క్రొత్త సంగతులు మొదట దానిపై ఆధారపడి యుండును. గాఢనిద్రలో అవి మరల మరల మెదలి, మెదడు పైపొరలో క్రమముగా పాదుకొనును. పాఠముతో జతపడిన శబ్దము ఆ పనికి చేయూత నిచ్చును. నారే పోయనివాడు నాటునదేమి?

ఇట్టి పరీక్షలు కొద్దిమందిపై, పరికరముల సాయముతో జరిగినవి. శబ్దము కొంచెము హెచ్చినను నిద్రయే చెడును. కావున నిద్రలో చదువు వచ్చునను ప్రకటనలను నమ్మి ధనము వెచ్చింపవలదు. ధనవ్యయము లేని మార్గమొకటి మనచేతిలోనే యున్నది.

విద్యార్థులారా! పరీక్షకు ముందు రాత్రియంతయు మేలుకొనుట, పోసిన నారును మడిలోనే ఎండనిచ్చుట వంటిది. సాయంకాలము శ్రద్ధగా చదువుడు. పుస్తకమును మూసి, చదివినదానిని మీ మాటలతో ఒకసారి చెప్పుకొనుడు. తరువాత కంటినిండ నిద్రింపుడు.

పెద్దలారా! రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు ధ్వనివర్ధకములను వాడరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. బాలురు చదివినది నిలుచుటకై మనము చేయదగిన సాయములలో ఆ నిశ్శబ్దమును కాపాడుట యొకటి. గ్రంథాలయము వారికి పుస్తకము నిచ్చుచున్నది. ఊరు వారికి నిద్ర నీయవలయును.