మన తొలి వైమానికుల గౌరవము
(ఒక పఠనాలయ వార్షికసభలో చేసిన ప్రసంగ పాఠము)

 

మన ప్రాంతమున విమానవిద్యకు తొలిబాట వేసినవారిని ఏటేట ఒక దినమున స్మరించి, వారి పేరులను ఈ పఠనాలయపు గోడపై వ్రాయింపవలెనని కార్యవర్గమువారు నేడు తీర్మానము తెచ్చినారు. దానిని బలపరచుటకే మేము నిలిచినాము. అయితే బలపరచుచునే ఒక షరతు పెట్టదలచితిమి. వకీలు చేతికి ఏ కాగిత మిచ్చినను అందొక షరతు చేర్పక మానడని మీరు నవ్వుకొందురు గాక! మా షరతు ఇది: ఋజువు లేని పేరు ఆ గోడ నెక్కరాదు, ఋజువున్న పేరు, అది ఎవ్వరిదైనను, క్రింద మిగిలిపోరాదు.

ఇట్టి గౌరవమునకు అమెరికా దేశమున ఒక మర్యాద ఏర్పడి యున్నది. ఓహాయో రాష్ట్రములోని డేటన్ నగరమున, రైటు సోదరులు నివసించిన ఊర, 1962లో జాతీయ వైమానిక కీర్తిమందిరము వెలసెను. 1964లో ఆ దేశపు కాంగ్రెసు దానికి చట్టరీత్యా గుర్తింపు నొసగెను. యోగ్యులను ఎన్నుకొని, సభచేసి, వారి పేరులను చేర్చుట దాని పని. ఆ దేశపు రాష్ట్రములలో కొన్ని తమతమ వైమానికులకై వేరుగ ఇట్టి మందిరములను ఏర్పరచుకొన్నవి. డేటనులో మొదటి యేట రైటు సోదరులకు పీట వేసిరి. అందులో వింత యేమియు లేదు. మాకు ఆశ్చర్యమును ఆనందమును కలిగించినది 1965 నాటి ఎన్నిక. ఆ యేట చేరిన వారిలో చార్లెస్ టేలరు ఒకడు.

ఎవరీ టేలరు? రైటు సోదరుల సైకిలు దుకాణమున 1901లో జీతమునకు కుదిరిన మెకానిక్కు. విమానమునకు కావలసిన తేలిక ఇంజనును చేసియిచ్చు కంపెనీ ఆ సోదరులకు దొరకలేదు. అప్పుడు ఈతడు ఆ దుకాణములోని కొద్ది పనిముట్లతోనే, సుమారు ఆరువారములలో, 12 గుర్రముల బలముగల ఇంజనును తయారుచేసెను. 1903 డిసెంబరు 17వ తేదీన ఆ విమానము నేలవిడిచినది ఆ ఇంజను బలమున. ప్రపంచమంతయు సోదరుల పేరు జపించినది. టేలరు మాత్రము ముసలితనమున లేమికి చిక్కి, ఆసుపత్రిలో బీదల వార్డున ఉండగా లోకమున కొకసారి జ్ఞప్తికి వచ్చి, 1956లో కన్నుమూసెను. కీర్తిమందిరమువారు ఆయనకు చోటిచ్చునప్పటికి ఆయన పోయి తొమ్మిదేండ్లు. ఆలస్యమైనను న్యాయము జరిగినది. అమెరికా ప్రభుత్వ విమానశాఖవారు 50 ఏండ్లు విమానపు పనిలో గడపిన మెకానిక్కులకు ఇచ్చు పురస్కారము కూడ ఈయన పేరనే యున్నది.

ఆ డిసెంబరు ఉదయమునుగూర్చి మరియొక మాట. ఇసుకమీద నిలిచి చూచిన స్థానికులు అయిదుగురు. వారిలో ఒకడు సోదరుల కెమేరాతో పట్టిన ఛాయాచిత్రము నేటికిని ఉన్నది. మొదటిసారి ఎగిరినది 12 సెకండ్లు, 120 అడుగులు. ఈ సభామందిరమును రెండు మూడు పర్యాయములు పొడవున నడచినంత దూరము! ఆ సోదరులు ఆ 120ని 1200గా దిద్దుకొనలేదు. దిద్దుకొనియుండిన, అసలు ఎగిరినమాటయే నేడు వివాదమున పడియుండును.

ఇక మన ఇంటి మాట. 1895లో బొంబాయి చౌపాటి తీరమున శివకర్ బాపూజీ తల్పడే అను విద్వాంసుడు మనుష్యుడెక్కని విమానము నొకదానిని 1500 అడుగుల యెత్తున కెగురవేసెననియు, కావున రైటు సోదరులకంటె మనవారే ముందనియు ప్రతి సభలోను వినుచున్నాము. మంచిది. సాక్షి యెవరు? ఛాయాచిత్ర మేది? నాటి పత్రికలో పడినదందురు. ఆ పత్రిక ప్రతిని తెచ్చి కోర్టులో దాఖలు చేసినవారు లేరు. ప్రాచీన మహర్షికృతమని చెప్పబడు వైమానిక శాస్త్రమును బెంగుళూరు విజ్ఞానసంస్థకు చెందిన అయిదుగురు పండితులు పరీక్షించి, 1974లో తమ తీర్పును ప్రకటించిరి. ఆ గ్రంథము 20వ శతాబ్దమున పుట్టినదనియు, అందు వర్ణింపబడిన విమానములు ఎగురజాలవనియు వారు తేల్చిరి. వారును భారతీయులే, విమానశాస్త్రమున ఆరితేరినవారు. ఇట్లు చెప్పుట స్వదేశమును తక్కువచేయుట యని కొందరు మామీద కోపింపవచ్చును. జెండా పట్టి వీధులవెంట నడచిన వారమే మేమును. తల్పడే శ్రమించెననుటకు మాకు ఆక్షేపణ లేదు. శ్రమించుట వేరు, ఎగురవేయుట వేరు. కల్లసాక్ష్యముతో గెలిచిన వ్యాజ్యము పైకోర్టున నిలువదు. నిలువకపోవుటయే గాక, దానితోపాటు నిజమైన దావాలను కూడ అనుమానమున పడవేయును.

నిజమైన దావాలు మనకు కొదువా? చెన్నపట్టణమునే తీసికొనుడు. 1953 వరకు ఆంధ్రజిల్లాలకును అదియే రాజధాని గదా! అక్కడ మౌంటు రోడ్డున హోటలు నడపిన జాకొమో డి ఏంజెలిస్ అను ఐరోపీయుడు 1910లో స్వయముగ విమానమును కట్టించి, పల్లావరమున ఎగురవేసి చూచెను. నాటి ఇంగ్లండు విమానపత్రికలో ఆ వార్త అచ్చుపడి యున్నది. ఆయన మనవాడా, పరుల వాడా యని మీలో కొందరు గొణుగుచున్నారు. వినుచున్నాము! మన నేలమీద, మన పనివారి నడుమ ఆ విమానము లేచినది. అది చాలును.

1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచినుండి అహమ్మదాబాదు మీదుగ బొంబాయికి తపాలా సంచులతో చిన్న పస్ మాత్ విమానమును నడపుకొని వచ్చిన కథ అందరికి తెలిసినదే. అచ్చటినుండి ఆ తపాలాను బళ్లారి మీదుగ మదరాసునకు చేర్చిన నెవిల్ విన్సెంటు పేరు ఎందరికి తెలియును? ఆయన దక్షిణాఫ్రికా దేశీయుడు. టాటాలకు విమాన తపాలా యోచన చెప్పినవాడు ఆయనయే. 1942లో యుద్ధకాలమున విమానముతో సహా నశించెను. బళ్లారి నాడు మదరాసు రాజధానిలోనిది, తెలుగు కన్నడములు రెండును వినవచ్చు ఊరు. మన వైపు మొదటి విమానపు తపాలా దిగిన ఆ మైదానమున ఒక రాయియైనను నిలుపవలదా?

హైదరాబాదుకు వత్తము. నైజాము ప్రభుత్వమును టాటాలును కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను స్థాపించిరి. 1953లో విమానసంస్థలు జాతీయములైనప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. సంస్థానపుది యని దానిని మన చరిత్రనుండి తుడిచివేయరాదు. ఏలయన 1947లో వాణిజ్య వైమానిక లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ అను యువతిని ఎనిమిది కంపెనీలు స్త్రీయని త్రిప్పిపంపగా, పని యిచ్చినది ఈ హైదరాబాదు సంస్థయే. భారతదేశమున జీతమునకు విమానము నడపిన మొదటి స్త్రీ ఆమె. 1949లో జాతీయ విమాన పందెమున ఆమె గెలిచెను. అయినను ఆమె కోరిన కెప్టెను పదవిని మాత్రము ఆ సంస్థ ఇచ్చినది కాదు. గోడమీద ఆమె పేరు వ్రాయునాడు ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన వ్రాయవలెనని మా కోరిక. తలుపు తెరచినందులకు స్తుతియు, సగమే తెరచినందులకు చీవాట్లును ఆ సంస్థకు రెండును చెందును.

ఇక మన టేలరు లెవ్వరు? బేగంపేట షెడ్లలో ఎండకు కాగిన రేకుల క్రింద డకోటా ఇంజనులను విప్పి, కడిగి, బిగించినవారు ఎందరో కలరు. పైలటు పేరు పత్రికలో పడును; ఇంజను బాగుచేసినవాని పేరు జీతపు పట్టీలో మాత్రమే ఉండును. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడగా, బేగంపేటలో ప్రయాణికుల రాకపోకలు నిలిచెను. ఆ తరమువారిలో పెక్కుమంది పోయినారు. వారి లాగుబుక్కులును సర్టిఫికెట్లును మనుమల ఇండ్లలో ట్రంకు పెట్టెల అడుగున ఉండవలెను, లేదా పాతకాగితముల వానికి తూకమునకు పోయియుండవలెను.

కావున తీర్మానమునకు మేము సూచించు సవరణ లివి. స్మరణదినము అక్టోబరు 15 కావలెను. ఏటికి ముగ్గురికి మించి ఎన్నుకొనరాదు. ఆ ముగ్గురిలో ఒకరు మెకానిక్కో, షెడ్డు పనివారో కావలెను. ప్రతి పేరుతోను దాని ఆధారపత్రముల నకళ్లను ఈ పఠనాలయపు బీరువాలో ఉంచి, అడిగినవారికెల్ల చూపవలెను. మీలో ఎవరి ఇంటనైన ఆనాటి జీతపు పట్టీగాని, షెడ్డుముందు తీయించుకొన్న గుంపు చిత్రముగాని ఉన్నయెడల, వచ్చే ఆదివారము సాయంకాలము ఐదు గంటలకు ఇచ్చటికి తెండు. నకలు తీసికొని, అసలును అప్పుడే మీ చేతికిత్తుము.