గురువు లేని విద్య



బడిపంతులుగా జీవితము గడపిన నన్ను ఒక వార్త మిక్కిలి కలవరపఱచినది. దానిని మీ యెదుట నుంచెదను.

గో యను ఆట చీనాదేశమున పుట్టినది. అడ్డముగ 19, నిలువుగ 19 గీతలు గల పలకపై 361 కూడళ్లుండును. ఇద్దఱాటగాండ్రు నలుపు, తెలుపు రాళ్లను వంతులవారీగ పెట్టుచు చోటు నాక్రమింతురు. మన పులిజూదమునందువలె రాళ్లు కదలవు; ఎదుటివాడు చుట్టుముట్టి తీయువఱకు పెట్టినచోటనే యుండును.

లండను నగరమందలి డీప్‌మైండు సంస్థవారు ఈ యాటకై ఆల్ఫాగో యను యంత్రవిద్యను కల్పించిరి. అది మొదట మనుష్యులాడిన ఆటలలోని సుమారు 3 కోట్ల స్థితులను చదివి, పిమ్మట తనతో తానాడి సానపట్టుకొనెను. 2016 మార్చిలో సియోలు నగరమున కొరియా మహాక్రీడాకారుడు లీ సెడోల్‌తో 5 ఆటలాడి 4 గెలిచెను.

2017 అక్టోబరులో ఆ సంస్థవారే ఆల్ఫాగో జీరో యను మఱియొక దానిని ప్రకటించిరి. దీనికి మనుష్యుల ఆట ఒక్కటియు చూపలేదు. నియమములు మాత్రమే యిచ్చిరి. 3 దినములలో అది తనతో తానే 49 లక్షల ఆటలాడి, లీ సెడోల్‌ను గెలిచిన యంత్రమును నూటికి నూఱాటలు ఓడించెను. రాళ్లను మెట్లవరుసగ తఱిమి పట్టుట గురువులు తొలుతనే నేర్పు పాఠము. దానిని జీరో చాల యాలస్యముగ గ్రహించెను. అయినను గెలుపు దానిదే.

అట్లయిన గురువు వ్యర్థుడా?

ఆట ముగిసినంతనే గెలుపోటములు తేలును. ఎన్ని లక్షలసారులైనను మరల మొదలిడవచ్చును. సేద్యగానికి ఆ యవకాశము లేదు. ఏడాదికి ఒకటి రెండు పంటలు. తండ్రి చేసిన తప్పే కుమారునికి పాఠము కావలెను.

మఱియొక సంగతి. కేటాగో యను యంత్రముకూడ తనతో తానాడియే నేర్చినది. దాని లోపమును వేఱొక యంత్రము కనిపెట్టగా, అమెరికాలోని యొక ఔత్సాహికుడు ఆ యెత్తు నేర్చి 15 ఆటలలో 14 గెలిచినట్లు 2023లో వార్త వచ్చినది. తన లోపము తనకు కనబడదు. చూచుటకు ఇతరుడు కావలెను.

అయినను ఒక మాట నేనొప్పుకొనవలెను. గురువు విద్యతోపాటు తన హద్దులనుకూడ శిష్యునకిచ్చును. ఒకప్పుడు నేను చెప్పని దారిని లెక్క తేల్చిన బాలుని బెంచీ యెక్కించితిని. వాని జవాబు సరియైనదే. నియమము నేర్పి, తప్పు చూపుటవఱకే నా పని, దారి వానిది. ఈ సంగతి నాకు ఆలస్యముగ తెలిసినది. మీ మనుమలకు చదువు చెప్పునపుడు మీరు మఱవకుందురుగాక.