ఆట సామాను – విమాన ప్రయాణం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి “ఈసారి దేశభక్తి మీద వద్దండీ, అందరికీ పనికొచ్చేది ఏదైనా మాట్లాడండి” అన్నారు. నేను సర్వీసులో చాలా ఏళ్ళు క్రీడా జట్ల వెంట తిరిగాను. బాణం వేసిందీ లేదు, బంతి తన్నిందీ లేదు. నా పని సామాన్లు లెక్కపెట్టడం. కాబట్టి సామాన్ల గురించే చెబుతాను.

మన రోజుల్లో వారెంటు, నల్ల ట్రంకు పెట్టె, హోల్డాలు. ఇంతే కదా ప్రయాణమంటే. రైల్లో ఇప్పటికీ స్లీపరులో మనిషికి 40 కిలోలు, ఏసీ టూ టైరులో 50, ఫస్ట్ ఏసీలో 70 కిలోలు ఉచితం. అంతకు మించితే బ్రేక్ వ్యాన్ ఉండనే ఉంది. విమానంలో ఆ లెక్కలు చెల్లవు. దేశం లోపల ఎక్కువ ఎకానమీ టికెట్ల మీద చెకిన్ సామాను 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. ఒక గోల్ఫ్ బ్యాగు తూకం వేసి చూడండి. ఆట నియమం ప్రకారం 14 క్లబ్బులు పెట్టుకోవచ్చు. బంతులు, బూట్లు, గొడుగు కలిపితే ఆ బ్యాగు ఒక్కటే 15 కిలోలు మింగేస్తుంది. ఇక బట్టలు ఎక్కడ పెట్టాలి? ఒంటి మీదే!

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. “బరువు లోపలే ఉంది కదా సార్, మళ్ళీ ఆట సామానుకు వేరే డబ్బులేమిటి?” దీనికి కారణం ఉంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొన్ని సేవలను టికెట్ ధర నుంచి విడదీసి వేరుగా వసూలు చేసుకోవడానికి విమాన సంస్థలకు అనుమతి ఇచ్చింది. నచ్చిన సీటు, భోజనం, లాంజ్, చెకిన్ సామాను, వాద్య పరికరాలతో పాటు ఆట సామాను కూడా ఆ జాబితాలో ఉంది. అయితే ఒక షరతు: ప్రయాణికుడు కావాలని ఎంచుకుంటేనే వసూలు చేయాలి, ముందే టికెట్‌లో కలిపేసి “వద్దంటే తీసేస్తాం” అనకూడదు. అందువల్ల ఒక సంస్థ మీ క్రికెట్ కిట్టును మామూలు సామాను బరువులో కలిపేస్తుంది. ఇంకో సంస్థ బరువుతో సంబంధం లేకుండా శాల్తీకి ఇంత అని వేరే రుసుము తీసుకుంటుంది. రెండూ చట్టబద్ధమే. టికెట్ మూడు వందలు తక్కువని ఎగబడి కొనేముందు ఆ రెండో అంకె కూడా చూసుకోవాలి.

ఇంకో సంగతి. అదనపు బరువు ముందుగా బుక్ చేసుకుంటే ఒక ధర, కౌంటరు దగ్గర ఇంకో ధర. కౌంటరు దగ్గర కిలో లెక్కన కట్టేటప్పుడు మనసు చివుక్కుమంటుంది. జట్టుతో వెళుతుంటే అందరి సామాన్లూ కలిపి తూచమని కౌంటరులో ముందే అడగండి, ఒకే పీఎన్నార్ మీద ఉంటే కొన్ని చోట్ల ఒప్పుకుంటారు. కానీ ఏ ఒక్క శాల్తీ కూడా 32 కిలోలు దాటకూడదు. అది డబ్బుతో తీరే విషయం కాదు, దాన్ని ఎత్తే కూలీ నడుముకు సంబంధించిన నిబంధన. మా వాళ్ళు ఒకసారి రెండు కిట్లు ఒకే పెట్టెలో దూర్చి, విమానాశ్రయం గచ్చు మీద అందరి ముందు విప్పి సర్దాల్సి వచ్చింది. లోపలి బనియన్లతో సహా.

సర్వీసు వాళ్ళకు కొన్ని సంస్థలు ప్రత్యేక ధర ఇస్తాయి, కొన్ని అదనపు బరువు కూడా ఇస్తాయి. ఐడీ కార్డు చూపించాలి. షరతులు మారుతూ ఉంటాయి కనుక టికెట్ తీసే రోజునే చదువుకోండి. డ్యూటీ మీద వెళ్ళే జట్టయితే అదనపు సామాను ఖర్చు క్లెయిములో వస్తుందో రాదో మూవ్‌మెంట్ ఆర్డరు చేతికి రాకముందే కాగితం మీద తేల్చుకోండి. నోటి మాట మీద వెళ్ళిన వాళ్ళు తర్వాత అకౌంట్స్ ఆఫీసు మెట్లెక్కడం నేను చూశాను.

చేతి సామానులోకి బ్యాటు, హాకీ స్టిక్కు, గోల్ఫ్ క్లబ్బు, విల్లు-బాణాలు, బిలియర్డ్స్ కర్ర ఏవీ పోనివ్వరు. ఎంత సీనియర్ ఆఫీసరైనా అంతే. పవర్ బ్యాంకు మాత్రం దీనికి తిరగబడి, చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ పెట్టెలో ఉండకూడదు. సైకిలైతే పెడళ్ళు విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, చక్రాల్లో గాలి తగ్గించి పెట్టెలో పెట్టాలి. బ్యాటరీ సైకిలు సంగతి మరచిపోండి.

ఇక మన వాళ్ళకు బాగా అవసరమైనది, షూటింగ్. 2004 ఏథెన్సులో రాథోడ్ గారు, 2012 లండన్‌లో సుబేదార్ విజయ్ కుమార్, మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ పతకాలు తెచ్చాక కంటోన్మెంట్ల పిల్లలు చాలామంది తుపాకి పట్టారు. ఆ తల్లిదండ్రులు శ్రద్ధగా వినండి. ఆయుధం చెకిన్‌లోనే వెళ్ళాలి. లైసెన్సు అసలు ప్రతి చేతిలో ఉండాలి. కౌంటరు దగ్గరకు వెళ్ళగానే మనమే నోరు తెరిచి చెప్పాలి, స్కానర్‌లో వాళ్ళు కనిపెట్టేదాకా ఆగకూడదు. ఆయుధం ఖాళీగా ఉందని పరీక్ష చేస్తారు, దానికి టైము పడుతుంది, కనుక మామూలు కంటే గంట ముందు వెళ్ళాలి. ఎయిర్ రైఫిల్ సిలిండరును విప్పి, గాలి పూర్తిగా తీసేసి, ఖాళీ అని కంటికి కనపడేలా పెట్టాలి.

తూటాల లెక్క వేరు. అంతర్జాతీయ నియమం ప్రకారం మనిషికి ప్యాకింగుతో కలిపి 5 కిలోలే, అదీ స్వంత వాడకానికి, గట్టి పెట్టెలో. ఇద్దరి వాటా కలిపి ఒకే పెట్టెలో పెట్టకూడదు. విమాన సంస్థ ముందుగా ఒప్పుకోవాలి కూడా. పాయింట్ టూ టూ వాళ్ళకు 5 కిలోలంటే వెయ్యికి పైనే వస్తాయి, చింత లేదు. పన్నెండు బోరు వాళ్ళ సంగతే కష్టం. ఒక్కో కార్ట్రిడ్జి సుమారు 40 గ్రాములు. అంటే 125 దగ్గర కాటా ఆగిపోతుంది. స్కీట్ క్వాలిఫికేషన్‌లో లక్ష్యాలు 125. ప్రాక్టీసుకు ఒక్కటీ మిగలదు! అందుకే అనుభవం ఉన్న షాట్‌గన్ జట్లు తూటాలు పోటీ జరిగే చోటే ఏర్పాటు చేసుకుంటాయి.

పెద్ద సామానుదీ అదే దారి. పడవను ఎవరూ విమానం ఎక్కించరు. హుస్సేన్ సాగర్‌లో సాధన చేసే మన ఈఎంఈ సెయిలింగ్ వాళ్ళనడగండి. పడవ అక్కడే అద్దెకు తీసుకోవడమో, కంటైనర్‌లో పంపడమో. పోల్‌వాల్ట్ గడ కూడా అంతే, నాలుగైదు మీటర్ల గడ మడవడానికి అది గొడుగు కాదు కదా. రాజమండ్రి, కడపలకు వెళ్ళే చిన్న ఏటీఆర్ విమానాల్లో సైకిల్ పెట్టె పట్టడం కూడా అనుమానమే. లేహ్ సంగతి మీకు తెలుసు. పదివేల అడుగుల పైన పలచటి గాలిలో విమానం మోసే బరువు తగ్గుతుంది, అదనపు సామాను మరుసటి రోజు రావచ్చు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి.

మా జట్టులో విల్లు పట్టే కుర్రాడొకడుండేవాడు. ఉత్తరాంధ్ర పిల్లవాడు, మాట తక్కువ. “సార్, నా పెట్టె ఒక్కసారి మీరు చూడండి” అనేవాడు ప్రతి ప్రయాణంలో, నా మీద అంత నమ్మకం. ఒక పోటీకి విమానం మారాల్సి వచ్చింది. మేం దిగాం, వాడి పెట్టె దిగలేదు. మరునాడు సాయంత్రం బసకు తెచ్చిచ్చారు. అప్పటికి వాడు అరువు విల్లుతో క్వాలిఫికేషన్ ఆడేశాడు. సైటు గుర్తులు వేరు, లాగే బరువు వేరు, ఏం వేస్తాడు? పెట్టె తెరిస్తే పై లింబ్ పొడుగునా చీలి ఉంది. వాడు నా మొహం చూశాడు. నేను “పోటీ అవ్వనీ, యూనిట్‌కు వెళ్ళాక గట్టిగా రాద్దాం” అన్నాను.

గట్టిగానే రాశాను. కానీ పదో రోజున రాశాను. చెకిన్ సామాను దెబ్బతింటే చేతికి అందిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, ఆలస్యమైతే అందినప్పటి నుంచి 21 రోజుల్లోగా. గడువు దాటిందని రెండు వాక్యాల జవాబు వచ్చింది. విమానాశ్రయంలో బెల్టు దగ్గరే పీఐఆర్ అనే కాగితం రాయించుకోవాలి, అదీ నేను చేయలేదు. వాడు కొత్త లింబ్‌లకు జీతంలోంచి నెలనెలా కట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

గడువులో రాసినా ఎంత వచ్చేది అని తర్వాత లెక్క చూశాను. 2019లో విమానయాన శాఖ ఇచ్చిన ప్రయాణికుల చార్టరులో దేశం లోపల సామాను నష్టానికి మనిషికి గరిష్ఠం 20,000 రూపాయలు. విదేశీ ప్రయాణానికి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది, మన దేశం 2009లో అందులో చేరింది. దాని పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్డీఆర్‌లు. ఎస్డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల ప్రమాణం. కోర్టుకు వెళ్ళాలంటే రెండేళ్ళ లోపు. మంచి విల్లు, మంచి రైఫిల్ ఖరీదు 20,000తో తీరేది కాదు. అంతకంటే విలువైనది ఉంటే చెకిన్ సమయంలోనే ప్రత్యేక విలువ ప్రకటన చేసి, అడిగితే అదనపు రుసుము కట్టాలి. లేదా ఇన్సూరెన్స్ తీసుకోవాలి. విదేశానికి ఖరీదైన సామాను పట్టుకెళితే వెళ్ళేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, లేకపోతే తిరుగు ప్రయాణంలో మన సామానుకే మనం సుంకం కట్టే పరిస్థితి వస్తుంది.

నేనిప్పుడు చేసే పని ఇది. పెట్టె మూసేముందు లోపలి సామాను ఫోటో తీస్తాను, కౌంటరు కాటా మీద ఉండగా ఇంకోటి. బెల్టు మీద నుంచి తీసిన వెంటనే, హాలు దాటకముందే పెట్టె తెరిచి చూస్తాను. వెనక మనవలు “తాతయ్యా, ట్యాక్సీ వచ్చింది” అని గోల పెడుతుంటారు. పెట్టనీ.

భోజనాలకు పిలుస్తున్నారు. పీఐఆర్ కాగితం నమూనా ఒకటి తెచ్చాను, చూడాలనుకున్న వాళ్ళు నా దగ్గరకు రండి.