కరువు దినములలో ఆగిన బాప్తిస్మములు



ఈ దినము మన ధ్యానమునకు యోహాను సువార్త 6వ అధ్యాయము 26వ వచనము. అయిదు వేలమందికి రొట్టెలు పంచిపెట్టిన మరునాడు ప్రజలు పడవలెక్కి ప్రభువును వెదకుచు వచ్చారు. మీరు రొట్టెలు తిని తృప్తి పొందారు గనుకనే నన్ను వెదకుచున్నారని ఆయన వారి ముఖము మీదనే చెప్పాడు. ఆకలిగొన్న వారికి భోజనము పెట్టిన ప్రభువే, అలా వచ్చిన గుంపును చూసి మురిసిపోలేదు.

ఈ మాటను మన తెలుగు నేల మీద అక్షరాలా పాటించిన ఒక సేవకుని సంగతి చెబుతాను. బాప్టిస్టు మిషనరీ డే దొరగారు 1836లో వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా ఫలము బహు స్వల్పము. 1853లో అమెరికాలో జరిగిన సభలో ఈ మిషనును మూసివేయుదమా అను చర్చ కూడా వచ్చింది. జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న అక్కడ సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది మాత్రమే.

మాదిగ పల్లెలనుండి జనులు వస్తుంటే, వీరిని చేర్చుకుంటే మా పిల్లలను మీ బడికి పంపమని అగ్రవర్ణముల పెద్దలు తేల్చి చెప్పారు. దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరొక గదిలో, ఒకరికి తెలియకుండ ఒకరు బైబిలు తెరిచారు. ఇద్దరికీ దొరికినది మొదటి కొరింథీయులకు మొదటి అధ్యాయమే! లోకములో ఎన్నికలేని వారిని దేవుడు ఏర్పరచుకొన్నాడను భాగము. బడి పోతే పోనీ అని వారు ఆ పేదలనే చేర్చుకొన్నారు.

తరువాత 1876 నుండి 1878 వరకు ఘోరమైన కరువు. క్లౌ దొరగారు యౌవనములో సర్వే పని చేసినవారు గనుక, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు ప్రభుత్వమునుండి తీసుకొని వేలమందికి కూలి ఇచ్చారు. బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి పని, విరామములో సువార్త. వినినవారు గుంపులుగా వచ్చి, అయ్యా, మాకు బాప్తిస్మమివ్వండి అని అడిగారు. ఆయన ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు! కూలి ఇచ్చారు, గంజి పోశారు, వాక్యము చెప్పారు. బాప్తిస్మము మాత్రము ఆపారు. అన్నము కొరకు వచ్చారో, ప్రభువు కొరకు వచ్చారో తేలవలెనని.

1878లో సహాయపు సొమ్ము ఇక లేదని తెలియజేశారు. అయినను జనులు వచ్చారు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో దిగి ఇచ్చారు. దొరగారు తమ చేతులతో ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఆ సంవత్సరాంతమునకు సంఖ్య 9,606.

ప్రియులారా, మనలో చాలామందికి 2,222 కంఠతా వచ్చును. ఆ పదిహేను నెలలు ఎవరికి జ్ఞాపకమున్నవి? గంజి క్రైస్తవులని మనలను ఎగతాళి చేసేవారికి చరిత్రలో నిలిచిన జవాబు ఆ పదిహేను నెలలే గదా!

కాపరులైన సహోదరులారా, బియ్యపు మూటతో పాటు ఫోటో, ఫోటోతో పాటు రిపోర్టు, రిపోర్టులో ఒక సంఖ్య. నేడు సేవ ఈ తోవలో ఎంత సులువుగా జారిపోతున్నదో మీకు తెలియనిది కాదు. ఆకలిగొన్నవానిని పంపివేయవద్దు. కాని వాని ఆకలిని మీ లెక్కల పుస్తకములో వ్రాసుకొనవద్దు.

విశ్వాసులారా, పేదవాని భక్తిని కడుపు భక్తి అని తేలికగా అనకండి. వీసా కొరకు నలభై దినములు ఉపవాసమున్నవారు, వీసా వచ్చిన తరువాత ఎన్ని ఆదివారములు మందిరములో కనబడ్డారు? అదియు రొట్టె కొరకు వెదకుటయే.

ఇంకొక్క సంగతి. అంత మందికి బోధించుట ఏమంత తేలిక? వందల పల్లెలు, బోధకులు కొద్దిమంది. అయితే రామాయపట్నములో వేదాంత పాఠశాల 1872లోనే ఆరంభమైనది. అనగా కోతకు ముందే కోతగాండ్రను సిద్ధపరచుట మొదలుపెట్టారు. మీ సంఘములో వచ్చే ఆదివారము పదిమంది క్రొత్తవారు వస్తే, వారి ప్రక్కన కూర్చుండి మార్కు సువార్త చదివించగలవారు ఎందరున్నారు? వారి పేర్లు ఒక కాగితము మీద వ్రాసి, ఆ పేర్లు పట్టుకొని ప్రార్థించండి.

ఇప్పుడు తలలు వంచుదము.