మాడ్రిడ్ 2004: బాంబులకీ బ్యాలెట్‌కీ మధ్య మూడు రోజులు

పోయిన ఎపిసోడ్ చూసి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఎన్నికల ముందు ఎక్కడైనా బాంబు పేలితే ఉన్న ప్రభుత్వానికే లాభం కదా? జనం భయంతో దాని వెనకాలే నిలబడతారు కదా?"

ఈ మాట టీకొట్టు దగ్గర నుంచి టీవీ డిబేట్ దాకా వింటూనే ఉంటాం. నేనూ ఒకప్పుడు గట్టిగా నమ్మాను. 2003లో నేను తిరుపతిలో ఇంటర్ చదువుతున్నాను. అక్టోబర్ 1, బ్రహ్మోత్సవాల రోజులు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు తిరుమలకు వెళ్తుంటే అలిపిరి దగ్గర పీపుల్స్‌వార్ నక్సలైట్లు క్లెమోర్ మైన్లు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. టీవీలో ఆ కారు చూసి మా నాన్న, "ఇంక ఈయన్ని ఎవ్వరూ ఓడించలేరు" అన్నాడు. నేను కూడా అవునన్నాను.

నవంబర్‌లో అసెంబ్లీ రద్దయింది. 2004 ఏప్రిల్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకీ కలిపి ఓట్లు. ఫలితం చూడండి: అసెంబ్లీలో 294 సీట్లకు టీడీపీకి వచ్చినవి 47. లోక్‌సభలో 42కి 5. ఢిల్లీలో వాజ్‌పేయి ప్రభుత్వం పోవడానికి ఆ 5 కూడా ఒక కారణమే. పీలేరు దగ్గర వ్యవసాయం చేసే మా మామను అడిగాను, ఎందుకిలా అయిందని. ఆయన అన్నది ఇప్పటికీ గుర్తుంది. "ఆయన బతికినందుకు నేనూ దేవుడికి దండం పెట్టుకున్నా అల్లుడూ. అయితే నా బోర్లో నీళ్ళు పడలేదు కదా!" వరసగా కరువులు, అప్పులు, రైతుల ఆత్మహత్యలు. జాలి ఉంది, ఓటు మాత్రం వేరే లెక్క.

సరే, ఇది మన కథ. మనవాళ్ళు ఓటేయడానికి నెలకు కొంచెం పైగా ముందు స్పెయిన్‌లో ఇంకో ఎన్నిక జరిగింది. ఈ రోజు అసలు సంగతి అదే.

2004 మార్చి 11, గురువారం. ఆదివారం, అంటే 14న పార్లమెంటు ఎన్నికలు. పొద్దున 7:37 నుంచి 7:40 లోపల, మాడ్రిడ్‌లో నాలుగు లోకల్ రైళ్ళలో 10 బాంబులు పేలాయి. మన ఎంఎంటీఎస్ లాంటి రైళ్ళు అనుకోండి. పనికి వెళ్ళేవాళ్ళు, కాలేజీ పిల్లలు, వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్ళు. 190 మందికి పైగా చనిపోయారు. దాదాపు 2000 మంది గాయపడ్డారు.

ఇప్పుడు ఆ దేశ రాజకీయం కొంచెం తెలియాలి. అప్పటికి ఎనిమిదేళ్ళుగా అస్నార్ ప్రధాని, పార్టీ పేరు పాపులర్ పార్టీ. ఆయన ఈసారి పోటీలో లేడు, వారసుడిగా రహోయ్‌ని నిలబెట్టాడు. సర్వేలన్నీ వాళ్ళే ముందు అంటున్నాయి, తేడా తగ్గుతోంది గానీ గెలుపు వాళ్ళదే అన్నట్టుంది. వాళ్ళ బలం ఏంటంటే ఈటీఏ మీద కఠినంగా ఉండటం. ఈటీఏ అంటే బాస్క్ ప్రాంతానికి వేరే దేశం కావాలని దశాబ్దాలుగా మనుషుల్ని చంపుతూ వచ్చిన సంస్థ. 1995లో అస్నార్ కారు మీదే వాళ్ళు బాంబు దాడి చేస్తే ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు. మరి బలహీనత? ఇరాక్ యుద్ధం. పదిమందిలో తొమ్మిదిమంది వద్దన్నా వినకుండా అమెరికా పక్కన నిలబడి, 1300 మంది సైనికుల్ని ఇరాక్‌కి పంపారు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. బాంబు పెట్టింది ఈటీఏ అయితే, "చూశారా, మేం చెప్పలేదా?" అనొచ్చు. అదే అల్‌ఖైదా దారిలో నడిచేవాళ్ళు పెట్టారనుకోండి, జనం "మనల్ని ఆ యుద్ధంలోకి ఎవరు లాగారు?" అంటారు. చనిపోయినవాళ్ళు వాళ్ళే, రైళ్ళు అవే. పెట్టిందెవరు అన్న ఒక్క జవాబు మీద మొత్తం ఎన్నిక తిరగబడే పరిస్థితి.

ఒకటి నిజాయితీగా చెప్పాలి. మొదటి గంటల్లో అందరూ ఈటీఏనే అనుకున్నారు. బాస్క్ ప్రాంత ప్రభుత్వ అధినేత కూడా అలాగే మాట్లాడాడు. అనుమానపడటం తప్పు కాదు. తర్వాత జరిగిందే తేడా. హోం మంత్రి అసెబెస్ టీవీలోకి వచ్చి "ఈటీఏనే, సందేహం లేదు" అన్నాడు. ప్రధాని స్వయంగా పత్రికల ఎడిటర్లకు ఫోన్ చేశాడు. విదేశాంగ శాఖ నుంచి రాయబారులకు, ఈటీఏ అనే చెప్పండని సందేశం వెళ్ళింది. అదే రోజు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి కూడా ఈటీఏ పేరు పెట్టి తీర్మానం చేసింది. ఇంకా శవాల్ని గుర్తుపట్టడం కూడా పూర్తి కాలేదు!

అదే రోజు ఒక వ్యాన్ దొరికింది. అందులో డిటొనేటర్లు, ఖురాన్ పఠనం ఉన్న ఒక క్యాసెట్. ఆ రాత్రి పేలని బాంబు ఉన్న బ్యాగు దొరికింది, దానికి ఒక మొబైల్ కట్టి ఉంది. లోపల సిమ్ కార్డు. పోలీసులు ఆ సిమ్ పట్టుకుని ఫోన్లు అమ్మే షాపు దాకా వెళ్ళారు. శనివారం ఐదుగురిని అరెస్టు చేశారు, అందులో ముగ్గురు మొరాకో వాళ్ళు, ఇద్దరు మన భారతీయులు. ఆ ఇద్దరూ ఫోన్లు అమ్మినవాళ్ళే, తర్వాత వదిలేశారు. పోలీసులు ఒకవైపు వెళ్తున్నారు, మంత్రి మాత్రం మైకు ముందు ఇంకా ఈటీఏ వైపే చూపిస్తున్నాడు.

శుక్రవారం దేశమంతా కోటి మందికి పైగా రోడ్ల మీదకి వచ్చారు. దుఃఖంతో వచ్చినవాళ్ళే, కానీ గుంపుల్లో ఒక ప్రశ్న వినపడటం మొదలైంది: "ఎవరు చేశారు?" అంత పెద్ద దేశం తన ప్రభుత్వాన్నే ఆ ప్రశ్న అడుగుతోంది.

శనివారం ప్రచారం నిషేధం. స్పెయిన్‌లో దాన్ని ఆలోచించుకునే రోజు అంటారు. మీటింగులు ఉండకూడదు. కానీ ఫోన్లు ఉన్నాయి కదా! అప్పటికి వాట్సాప్ లేదు, ఫేస్‌బుక్ పుట్టి నెలే అయింది. ఉన్నదల్లా ఎస్సెమ్మెస్. నిజం చెప్పమని అడుగుదాం, పార్టీ ఆఫీసు ముందుకు రండి అని చిన్న మెసేజ్, చివర్లో ఒకే మాట: "పాసలో". అంటే "పంపించు" అని. సాయంత్రానికి మాడ్రిడ్‌లో పాపులర్ పార్టీ ఆఫీసు ముందు వేలమంది. ఆ రాత్రి ప్రభుత్వ టీవీ ముందు అనుకున్న ప్రోగ్రామ్ తీసేసి, ఈటీఏ చేసిన ఒక హత్య మీద డాక్యుమెంటరీ వేసింది. ఎవరికి ఐడియా వచ్చిందో గానీ, ఆ టైంలో జనానికి అది పుండు మీద కారం!

ఆదివారం ఓట్లు. 2000లో 68.7 శాతం పోలింగ్, ఇప్పుడు 75.7. పాపులర్ పార్టీ 183 సీట్ల నుంచి 148కి పడింది. సపతేరో నాయకత్వంలో సోషలిస్టులు 125 నుంచి 164కి వెళ్ళారు. వచ్చే నెలలోనే సైన్యాన్ని ఇరాక్ నుంచి వెనక్కి రమ్మన్నారు.

అమెరికాలో చాలామంది అన్నారు: "స్పెయిన్ భయపడింది, టెర్రరిస్టులు ప్రభుత్వాన్ని దించేశారు." నాకు ఈ మాట పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. ఎందుకంటే ఓట్ల సంఖ్య చూడండి. పాపులర్ పార్టీకి 2000లో కోటీ 3 లక్షలు, 2004లో 97 లక్షలకు పైగా. అంటే పోయింది ఐదారు లక్షలే. వాళ్ళ ఓటర్లు పెద్దగా పారిపోలేదు. సోషలిస్టులకేమో 79 లక్షల నుంచి కోటీ 10 లక్షలయ్యాయి. అంటే పోయినసారి ఇంట్లో కూర్చున్నవాళ్ళు, కుర్రాళ్ళు, చిన్న పార్టీలకు వేసేవాళ్ళు వచ్చి వేశారు. సైన్యాన్ని వెనక్కి పిలుస్తామన్నది కూడా బాంబుల తర్వాత పుట్టిన మాట కాదు, సోషలిస్టులు ముందు నుంచీ చెబుతున్నదే.

అలాగని దాడి ప్రభావమే లేదనడం కూడా తప్పు. హోసే మొంతాల్వో అనే ఆర్థికవేత్త ఒక తెలివైన పని చేశాడు. విదేశాల్లో ఉన్న స్పెయిన్ వాళ్ళు దాడికి ముందే పోస్టులో ఓటేశారు. దేశంలో ఉన్నవాళ్ళు దాడి తర్వాత వేశారు. ఆ రెండింటినీ పాత ఎన్నికలతో కలిపి పోల్చాడు. దాడి జరక్కపోతే ఫలితం వేరేగా ఉండేదని తేల్చాడు. కానీ జనం బాంబుకి స్పందించారా, ఆ మూడు రోజుల మాటలకి స్పందించారా అన్నది ఆ లెక్కలో విడిగా తేలదు. నేను మాత్రం మాటలే అంటాను. అరవై గంటల పాటు ఒక ప్రభుత్వం తన జనాన్ని పిల్లల్లా చూసింది.

మన దగ్గర కూడా ఇలాంటి సందర్భం ఉంది. 1991 మే 20న లోక్‌సభకి మొదటి విడత ఓట్లు పడ్డాయి. మర్నాడు రాత్రి శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని మానవబాంబుతో చంపేశారు. మిగతా విడతలు జూన్‌కి వాయిదా పడ్డాయి. ముందు వేసిన చోట్ల కన్నా తర్వాత వేసిన చోట్ల కాంగ్రెస్‌కి బాగా వచ్చింది. ఆ ఎన్నికలో పోటీయే చేయకుండా, రిటైరవుదామని సామాన్లు సర్దుకుంటున్న మన పీవీ నరసింహారావు ప్రధాని అయ్యారు. అక్కడ సానుభూతి పనిచేసింది, అలిపిరి తర్వాత చేయలేదు. తేడా ఏంటి? ఒకటి, రాజీవ్ చనిపోయారు. రెండు, ఆయన అధికారంలో లేరు, కాబట్టి ఎండిన బోరుకి ఆయన్ని నిలదీసేవాడు లేడు.

ఇంక 2019. ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. 26న బాలాకోట్ దాడి. ఏప్రిల్ 11న మన ఓట్లు. దేశంలో బీజేపీకి 303 వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో 25కి ఒక్కటీ రాలేదు. వార్త అందరికీ ఒకటే, ఓటు మాత్రం ఎక్కడికక్కడే.

ఆ ఫిబ్రవరి 26న నేనేం చేశానో కూడా చెప్పేస్తాను. బాలాకోట్ వీడియో అంటూ ఒకటి వచ్చింది. నలుపు తెలుపు స్క్రీన్, కింద మనుషులు పరిగెత్తుతున్నారు, పైనుంచి కాలుస్తున్నారు. రక్తం మరిగింది. ఒక్క సెకను ఆలోచించలేదు, ఫ్యామిలీ గ్రూపులో వేసేశాను. రెండు రోజులకి తెలిసింది, అది వీడియో గేమ్ క్లిప్ అని. స్పెయిన్ గురించి ఇంత చదివిన మనిషిని నేను! సిగ్గేసి, "సారీ, అది నిజం వీడియో కాదు" అని అదే గ్రూపులో పెట్టాను. మా పెద్దమ్మ ఒక దండం ఎమోజీ పెట్టింది. అప్పటికే దాన్ని వాళ్ళ భజన గ్రూపుకి పంపేసిందట, అక్కడ మాత్రం సారీ చెప్పడం ఎలాగో నాకు తెలియలేదు.