చేరికకు ముందు అడుగవలసిన ప్రశ్న



పదవ తరగతి ఫలితములు వెలువడిన మరునాటినుండి మా కార్యాలయపు వసారా జనముతో నిండిపోవును. పిల్లలను వృత్తి విద్యాలయములలో చేర్చుటకు సలహా చెప్పుట నా పని. వచ్చిన తండ్రులలో పెక్కుమంది అడుగు ప్రశ్న యొక్కటే: "ఏ కోర్సులో సీటున్నది?" అది కడపట అడుగవలసిన ప్రశ్న యని నేనొక తప్పు చేసి నేర్చుకొంటిని.

కొన్నియేండ్ల క్రిందట ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. ఎలక్ట్రీషియన్ శాఖలో సీట్లు నిండిపోయినవి. ఫిట్టరు శాఖలో నొక్కటి మిగిలియుండెను. నేను పిల్లవాని నొక్కమాటయైనను అడుగక, తండ్రితోనే మాటాడి, దరఖాస్తు నింపించితిని. ఆఱు మాసములు తిరుగకమునుపే వాడు చదువు మానివేసెను. తండ్రి మరల వచ్చి, కోపగింపక, "అయ్యా, పొలములో మోటారు కాలినపుడెల్ల వైరు చుట్టినది మా వాడే. ఆ సంగతి తమరడుగలేదు, నేను చెప్పలేదు" అనెను. మరుసటి యేట వాడు కోరిన శాఖలోనే చేరెను గాని, పోయిన యేడాది తిరిగి రాలేదు. ఆ నష్టము నా వలన కలిగినది.

మనము ఐ.టి.ఐ. లని పిలుచు విద్యాలయములకు మూలమైన శిక్షణ పథకము 1950లో నారంభమైనది. 14 ఏండ్లు నిండినవారు ఇందు చేరవచ్చును. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ శాఖలకు పదవ తరగతి నెగ్గియుండవలెను; గడువు రెండేండ్లు. వెల్డరు శాఖ యొక్క యేడాదిది. ఎనిమిదవ తరగతి నెగ్గినవారికిని అందు ప్రవేశము కలదు. కడపట అఖిలభారత వృత్తి పరీక్షలో నెగ్గినవారికి జాతీయ వృత్తి ధ్రువపత్రము లభించును. పిమ్మట 1961వ సంవత్సరపు అప్రెంటిస్ చట్టము ననుసరించి కర్మాగారములో భత్యము పొందుచు పని నేర్చుకొనవచ్చును. ఈ శాఖలు మగపిల్లలకే యని యెక్కడను లేదు, ఆడపిల్లలును చేరవచ్చును.

గ్రామములో నలుగురును మీ మాట విందురు గనుక, మీకు మూడు సంగతులు మనవి చేయుచున్నాను. మొదటిది: విద్యాలయమునకు గుర్తింపు కలదన్న మాటతో తృప్తిపడవలదు. గుర్తింపు శాఖవారీగా నిత్తురు. మీ పిల్లవాడు చేరబోవు శాఖకు అది కలదా యని అడుగుడు. గుర్తింపు లేని చోట రెండేండ్లు చదివినను ఆ ధ్రువపత్రము రాదు. రెండవది: రుసుము కట్టుటకు ముందు పనిశాల తలుపు తెరపించి చూడుడు. యంత్రములపై దుమ్ము పేరుకొనియున్నచో అక్కడ పని నేర్పుట లేదని తెలియును. మూడవది: అసలు ధ్రువపత్రములను రశీదు లేక యెవ్వరి చేతికిని ఈయవలదు. నడుమ మానదలచిన పిల్లలు తమ పత్రములకొఱకు నెలల తరబడి తిరుగుట నేను చూచితిని.

ఇవన్నియు విద్యాలయము నడుగవలసినవి. వీటికి ముందు ఇంటిలో అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. పిల్లవానిని చెంత కూర్చుండబెట్టుకొని, "నాయనా, నీ చేతికి ఏ పని ఇష్టము?" అని అడుగుడు. వాడు వెంటనే బదులు చెప్పకపోవచ్చును; వేచియుండుడు. ఆ బదులు తెలిసికొని మా యొద్దకు వచ్చినచో, సీటు వెదకు పని మాది.

సెలవు.